మూడక్షరాల మెసేజ్ మీద గొడవ, రెండు నెలలుగా కొడుకు మాట్లాడటం లేదు

ఈ ఉత్తరం వైజాగ్ నుంచి వచ్చింది. గోపాలపట్నంలో ఉండే ఒక పెద్దాయన రాశారు, పేరు వద్దన్నారు. నాలుగు పేజీలు, చక్కటి దస్తూరీ, ఎక్కడా కొట్టివేత లేదు. అంతా వెయ్యడానికి చోటు చాలదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్తాను, ముఖ్యమైన చోట్ల ఆయన మాటలే ఉంచుతాను.

ఆయనకు 57 ఏళ్లు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు (ఓడల్లో వచ్చిన సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించేవాళ్లు) ఆఫీసులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నారు, వచ్చే ఏడాది రిటైర్మెంట్. కస్టమ్స్‌కి వెళ్లాలన్నా, షిప్పింగ్ లైన్‌కి వెళ్లాలన్నా, పార్టీలకి, అంటే సరుకు తాలూకు కస్టమర్లకి, వెళ్లాలన్నా ఆ ఆఫీసులో ఉత్తరం మీద ఈయన చెయ్యి పడాల్సిందే. ఇంట్లో భార్య, ఒక్కడే కొడుకు. అబ్బాయికి 26, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి నుంచీ ఇంగ్లీష్ మీడియం, ఇంటర్లో మార్కులు బాగా పడతాయని తెలుగు బదులు సంస్కృతం తీసుకోమన్నారట. ఇప్పుడు ఆ అబ్బాయి పెట్టే మెసేజ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. “భోజనం చేశావా నాన్నా అని నేను పూర్తిగా రాస్తే, వాడు ‘కె’ అని ఒక్క అక్షరం కొడతాడు. అది అవునో కాదో కూడా నాకు తెలీదు” అని రాశారు.

రెండు నెలల కిందట అనకాపల్లిలో ఈయన బావగారు, అంటే అక్కగారి భర్త, గుండెపోటుతో పోయారు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో నలభై మంది దాకా ఉన్నారు. అందరూ సానుభూతి రాస్తుంటే అబ్బాయి “ఆర్ఐపీ మావయ్య” (‘రెస్ట్ ఇన్ పీస్’కి పొట్టి రూపం) అని పెట్టి పక్కన ఒక దండం బొమ్మ పెట్టాడు. ఈయనకు ఒళ్లు మండిపోయింది. అదే గ్రూపులో రాశారు: “నిన్ను ఎత్తుకుని తిప్పిన మనిషికి రెండు ముక్కలు పూర్తిగా రాయడానికి నీకు చేతులు రాలేదా? చదువుకున్నావు గానీ సంస్కారం నేర్చుకోలేదు.” ఎవరో చుట్టం దానికి బొటనవేలు బొమ్మ కూడా పెట్టారు. కాసేపటికి అబ్బాయి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. “పదో రోజుకి వచ్చాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి అనకాపల్లిలోనే దిగిపోయి, రెండు రోజులు వాళ్ల అత్త దగ్గర ఉండి బ్యాంకు కాగితాలు, పెన్షన్ కాగితాలు చూసి వెళ్లిపోయాడు. మా ఇంటికి రాలేదు, నాతో ఒక్క మాట లేదు.” అప్పట్నుంచీ వాళ్లమ్మతోనే మాటలు.

ఆఫీసులోనూ ఇదే టెన్షన్. కొత్తగా ఇరవై నాలుగేళ్ల అమ్మాయి చేరింది. పార్టీలకు వాట్సాప్‌లో “హాయ్ సర్, డన్ సర్” అని నవ్వు బొమ్మతో పంపుతుంది. సెలవు కావాలంటే “సర్ రేపు రాను” అని మెసేజ్. మేనేజర్ ఆ అమ్మాయిని ఒక్క మాట అనకపోగా, ఈయనతో “పేజీలకి పేజీలు ఎవరూ చదవట్లేదు గురువుగారూ, మీరూ అలా పొట్టిగా పెట్టెయ్యండి” అన్నాడట, అందరి ముందూ.

చివర్లో అడిగారు: “నాది చాదస్తమా? భాష ఇలా పాడైపోతుంటే నోరు మూసుకుని ఉండాలా? మా వాడికి నేనే ముందు ఫోన్ చెయ్యాలా, చేస్తే నాదే తప్పని ఒప్పుకున్నట్టు కాదా? ఆఫీసులో ఈ ఏడాది ఎలా నెట్టుకురావాలి?”

నమస్కారమండీ.

ముందు అబ్బాయి సంగతి మాట్లాడుకుందాం, ఆఫీసు తర్వాత.

మీ ఉత్తరంలో మూడు పేజీలు ఆ మెసేజ్ గురించే ఉంది. అబ్బాయి రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి అనకాపల్లిలో దిగడం, రెండు రోజులు అత్త పక్కన కూర్చుని ఆ కాగితాలన్నీ సర్దడం, ఇదంతా ఒక్క వాక్యంలో దాటేశారు, అది కూడా మన ఇంటికి రాలేదన్న ఫిర్యాదు కింద. భర్త పోయిన పది రోజులకి ఆ ఇంట్లో బ్యాంకు పాస్‌బుక్కు ఎక్కడుందో, నామినీ ఎవరో, ఫ్యామిలీ పెన్షన్‌కి ఏయే కాగితాలు పెట్టాలో చూడటం ఎంత పనో మీకు తెలుసు, జీవితమంతా కాగితాలతో గడిపిన మనిషి మీరు. గ్రూపులో పెద్ద పెద్ద సంతాపాలు రాసినవాళ్లలో ఎంతమంది ఆ పని చేశారు? మావయ్య మీద గౌరవం లేని కుర్రాడు చేసే పనేనా అది? ఆ ప్రేమ అతనికి రాతలో పెట్టడం రాలేదు, అంతే జరిగింది.

ఎందుకు రాలేదో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఇంగ్లీష్ మీడియం, ఇంటర్లో సంస్కృతం. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, మన రాష్ట్రంలో మార్కుల కోసం సగం ఇళ్లలో జరుగుతున్నదే అది. కానీ దాని ఫలితం ఏమిటంటే ఆ అబ్బాయి తెలుగులో ఒక ఉత్తరం రాసిన సందర్భమే బహుశా లేదు. చావు కబురు వస్తే ఏమని రాయాలో మన తరానికీ ఎవరూ పాఠం చెప్పలేదు, ఇంట్లో పెద్దవాళ్లు కార్డు ముక్క మీద రాస్తుంటే పక్కన కూర్చుని చూశాం, అలా వచ్చింది. ఆ కార్డులు రాయడం మానేసిన ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లవాడికి అది ఎక్కణ్ణుంచి వస్తుంది? చుట్టూ అందరూ వాడే మాట, ఫోను దానంతటదే అందించే మాట, అది వాడాడు.

ఇంకోటి. కొంచెం కష్టంగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. అబ్బాయి మెసేజ్‌లో మూడక్షరాలే ఉన్నాయి, నిజమే. మీరు గ్రూపులో రాసిన దానిలో అచ్చుతప్పు ఒక్కటి లేదు, వాక్యం పూర్తిగా ఉంది, ప్రశ్నార్థకంతో సహా సరిగ్గా ఉంది. కానీ నలభై మంది చుట్టాల ముందు, పెళ్లి కావాల్సిన ఇరవై ఆరేళ్ల కొడుకుని సంస్కారం లేనివాడు అన్నారు. ఆ రెండు మెసేజ్‌లలో మర్యాద తప్పింది ఏదంటే నేను మీదే అంటాను. భాష ఎంత చక్కగా ఉన్నా మాట అంత దెబ్బ కొట్టగలదు, అసలు చక్కగా ఉన్నప్పుడే గట్టిగా తగులుతుంది.

అలాగని మీ కోపం ఉత్తినే పుట్టిందని అనను. బావగారి గురించి మీరు రాసినవి రెండే వాక్యాలు, అందులో ఒకటి నన్ను ఆపేసింది: “ఉద్యోగం లేక తిరుగుతున్నప్పుడు నాకు అర్జీ రాయడం, ఉత్తరం రాయడం నేర్పింది ఆయనే.” ఆ మనిషి పోయిన పూట మీ సొంత కొడుకు ఆయనకి మూడక్షరాలు రాశాడు. మీకు రాత నేర్పిన చెయ్యి పోయిందన్న దుఃఖం ఒకటి, ఆ రాత మన ఇంట్లో నాతోనే ఆగిపోతోందన్న దుఃఖం ఇంకోటి, రెండూ కలిసి ఆ కుర్రాడి నెత్తిన పడ్డాయని నాకు అనిపిస్తోంది. ఇది అబ్బాయికి తెలుసా? మావయ్య నాన్నకి ఏమవుతాడో తెలుసు, కానీ నాన్నకి ఉత్తరం రాయడం నేర్పింది మావయ్యే అని ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరం చదివితే చెప్పినట్టు లేదు.

ఇక భాష పాడైపోతోందన్న బాధ. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే నాకూ తెలుగంటే ప్రాణం, ఊరికే సర్దుకుపోండి అని చెప్పి దాటెయ్యడం నాకు ఇష్టం లేదు.

మీరు ఒకే కోపంలో మూడు నాలుగు వేరువేరు సంగతులు కలిపేశారు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం ఒకటి. పొట్టిగా రాయడం ఒకటి. మాట్లాడినట్టే రాసెయ్యడం ఇంకొకటి. పెద్దవాళ్లకి రాసేటప్పుడు మర్యాద తగ్గడం అన్నిటికన్నా వేరు. వీటన్నిటికీ ఒకే శిక్ష వెయ్యకూడదు.

ఇంగ్లీషు అక్షరాల అలవాటు పిల్లల బద్ధకంతో మొదలవ్వలేదు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగులో రాస్తే 70 మాత్రమే. అందులోనూ మనం ఒక్క అక్షరం అనుకునే ‘స్త్రీ’ ఆ లెక్కలో ఆరు తింటుంది, సకారం, తకారం, రేఫ, మధ్యలో రెండు పొల్లులు, చివర దీర్ఘం. అంత చేసి పంపినా అవతలివాళ్ల ఫోనులో తెలుగు లేకపోతే వరసగా డబ్బాలు కనపడేవి. దాంతో ఒక తరం మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం నేర్చేసుకుంది, ఆ తర్వాత ఫోన్లు మారినా చేతులు మారలేదు. ఇప్పుడు ఏ స్మార్ట్‌ఫోనులోనైనా తెలుగు కీబోర్డు ఉంది, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసేస్తుంది. కాబట్టి మీ అబ్బాయిని ఇది అడగొచ్చు, అడగండి కూడా. కాకపోతే భాషోద్ధరణ పేరుతో కాకుండా మీ అవసరంగా అడగండి: నాన్నా, ఇంగ్లీషు అక్షరాల్లో చదవడం నాకు ఇబ్బందిగా ఉంది, పళ్లు తెమ్మన్నావో పాలు తెమ్మన్నావో అర్థం కాదు, నాకు మాత్రం తెలుగులో పెట్టు, లేకపోతే గొంతుతో పంపు. ఇలా అడిగితే చాలామంది పిల్లలు వింటారు. మాతృభాష మీద ఉపన్యాసం మొదలుపెడితే చదవకుండానే వదిలేస్తారు.

మాట్లాడినట్టు రాయడం గురించైతే, మీరు వైజాగ్‌లో కూర్చుని ఈ ఫిర్యాదు చేస్తున్నారండీ! గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినా, తండ్రి పోయాక మేనమామగారింట్లో ఉండి చదువుకున్నది మీ విశాఖపట్నంలోనే. వాడుక భాష కోసం ఆయన పోరాడుతుంటే ఆయన పక్కన నిలబడ్డవాళ్లలో మీ ఊరి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకరు. బడి పిల్లలు పరీక్షలో ‘వచ్చాడు’ అని రాయొచ్చా, ‘వచ్చెను’ అనే రాయాలా అన్న తగువు 1910ల్లో మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లింది. వాడుక మాటలు కాగితం మీదకు ఎక్కితే తెలుగు నాశనమైపోతుందని అప్పటి పండితులు నిజంగానే బాధపడ్డారు, వాళ్లకీ భాష మీద మీకున్నంత ప్రేమే ఉంది. మీరు నాకు రాసిన నాలుగు పేజీలూ ఆ పండితుల లెక్కలో గ్రామ్యమే. ‘దిగిపోయాడు’, ‘వెళ్లిపోయాడు’, ‘ఒళ్లు మండిపోయింది’, వీటిలో ఒక్కదానికీ వాళ్లు మార్కులు వేసేవారు కారు. మరి మీ ఉత్తరం చదువుతుంటే నాకెందుకు అంత బాగుంది? మీరు మాట్లాడినట్టు రాశారు కాబట్టే.

కానీ గిడుగువారు ఎలా పడితే అలా రాయమనలేదు. చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే భాష, దానికీ ఒక పద్ధతి ఉంది, అది రాయండి అన్నారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి, మాట్లాడే భాషలో పద్ధతి లేదని ఎలా అంటారు? కాబట్టి ఈ చరిత్ర మొత్తం మీ అబ్బాయి పక్షమూ కాదు, మొత్తం మీ పక్షమూ కాదు.

పొట్టిగా రాయడం దగ్గరికి వస్తే, తంతి తపాలా ఆఫీసు గుర్తుందా మీకు? 2013 జూలైలో మూసేసిన టెలిగ్రాం సర్వీసు. మాటకింత అని డబ్బులు, అందుకని ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ’. మనిషి చావు బతుకులు నాలుగు మాటల్లో. పెళ్లికో పండక్కో శుభాకాంక్షలు పంపాలంటే ఇంకా విచిత్రం, డిపార్ట్‌మెంటువాళ్లే వాక్యాలు తయారుచేసి నంబర్లు ఇచ్చారు, కౌంటర్లో ఫలానా నంబరు అని చెప్తే చాలు, పెళ్లివారికి ఆ వాక్యం చేరేది. ఇవాళ పిల్లలు నొక్కే బొమ్మకీ దానికీ ఏమిటి తేడా? అప్పుడెవరూ దాన్ని అమర్యాద అనుకోలేదు, పైగా టెలిగ్రాం వచ్చిందని పదిమందికీ చూపించుకున్నారు.

తేడా ఉంది, ఎక్కడుందో నేను చెప్తాను. ఆ టెలిగ్రాం పంపడానికి ఒక మనిషి పని మానుకుని ఆఫీసుకి వెళ్లాడని, క్యూలో నిలబడ్డాడని, డబ్బు పెట్టాడని అందుకున్నవాడికి తెలుసు. మాటలు నాలుగే అయినా వెనక ఉన్న శ్రమ కనపడేది. ఇవాళ ‘కె’ అనడానికి ఒక సెకను, ‘ఆర్ఐపీ’ అనడానికి రెండు. ఖర్చు ఏమీ కనపడటం లేదు కాబట్టి మనసు కూడా పెట్టలేదేమో అనిపిస్తుంది. మీకు కలిగిన నొప్పి ఇదే, ఇందులో చాదస్తం లేదు. కాకపోతే మనసు పెట్టారా లేదా అన్నది మెసేజ్‌లో కనపడనప్పుడు వేరే చోట వెతకాలి. మీ అబ్బాయి దాన్ని రైలు టిక్కెట్టులోనూ పెన్షన్ ఫారంలోనూ పెట్టాడు, మీరు గ్రూపులో వెతికారు.

పొట్టి మాటతో కూడా నిండుగా చెప్పొచ్చు. ఉదాహరణకి ఆ రోజు అబ్బాయి “అత్తా, ఇప్పుడే తెలిసింది. రాత్రి బండికి బయల్దేరుతున్నాను” అని నేరుగా అక్కగారికి పెట్టి ఉంటే? అందులో సంతాపమూ లేదు, ప్రగాఢమూ లేదు, ఆత్మశాంతీ లేదు. అయినా మీకు కోపం వచ్చేది కాదు. ఇది అబ్బాయికి చెప్పదగిన విషయమే, ఎప్పుడో ఒకసారి, మామూలు కబుర్ల మధ్యలో. ఎవరైనా పోతే గ్రూపులో కాకుండా ఆ ఇంటివాళ్లకి విడిగా ఒక్క ముక్క రాయి, పోయినవాళ్లతో నీకున్న జ్ఞాపకం ఒకటి రాయి, చాలు. ఇలాంటిది తండ్రి చెప్తే పిల్లలకి జీవితాంతం పనికొస్తుంది. కానీ ఇప్పుడు కాదు.

ఇప్పుడేం చెయ్యాలి అంటే, మీ ముందు కొన్ని దారులున్నాయి.

ఏమీ చెయ్యకుండా సంక్రాంతి దాకా ఆగొచ్చు. పండక్కి వస్తాడు, వాళ్లమ్మ ఇద్దరికీ పక్కపక్కన విస్తరి వేస్తుంది, మాటలు కలుస్తాయి. చాలా ఇళ్లలో ఇలాగే నడిచిపోతుంది. కానీ లోపలిది లోపలే ఉండిపోతుంది. ఆ అబ్బాయి మళ్లీ మీరున్న చోట ఏమీ రాయడు, మీకు ఫోన్ చేసినా ఆరోగ్యం, వాతావరణం, ఇంతే. జాగ్రత్తగా మాట్లాడే కొడుకు దొరుకుతాడు మీకు, అది మీరు కోరుకునేది కాదనుకుంటాను.

మీ ఆవిడ చేత చెప్పించొచ్చు. రెండు నెలలుగా జరుగుతున్నదే అది. మీ మాట ఆవిడ నోట్లో కాస్త మెత్తబడుతుంది, అతని మాట మీ దగ్గరికి వచ్చేసరికి ఇంకాస్త మారుతుంది, చివరికి ఎవరేమన్నారో ఎవరికీ తెలీదు, ఇద్దరి మధ్యా నలిగిపోయేది ఆవిడ. వద్దు.

ఫోన్ చెయ్యొచ్చు. గొంతు వినపడితే సగం కరిగిపోతుంది, అది నిజం. ప్రమాదమేమిటంటే మొదటి రెండు నిమిషాల్లోనే ‘అయినా నువ్వు అలా రాయడం’ అన్న మాట మీ నోట్లోంచి వచ్చేస్తుంది, ఆ అబ్బాయి ‘అందుకే నాన్నా’ అంటాడు, మళ్లీ మొదటికి. ఫోన్ చేస్తే మాత్రం ఆ మెసేజ్ ఊసే ఎత్తనని ముందే గట్టిగా అనుకుని చెయ్యండి. ఎత్తకపోతే వరసగా పదిసార్లు చెయ్యకుండా, గొంతుతో ఒక చిన్న మెసేజ్ వదలండి.

లేదా ఉత్తరం రాయండి. ఉత్తరం మీ చేతిలో ఉన్న విద్య, నేనైతే ఇటే మొగ్గుతాను. కాకపోతే ముప్పై ఏళ్ల ఆఫీసు డ్రాఫ్టింగ్ చెయ్యి కదా, మొదట సందర్భం, తర్వాత అంశాలు, చివర సంజాయిషీ కోరడం, అలా మెమో అయిపోయే ప్రమాదం ఉంది. అరపేజీ దాటనివ్వకండి. ‘అయినా’, ‘కానీ’ అన్న మాటలు పడితే ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి. అందరి ముందూ ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఒక వాక్యం. అత్త పనులన్నీ చూసినందుకు నాకు ఎంత నిబ్బరంగా ఉందో ఒక వాక్యం. మిగతాదంతా బావగారి గురించి రాయండి. ఆయన మీకు అర్జీ రాయడం ఎలా నేర్పారో, ఏ కాగితం మీద, ఎక్కడ కూర్చోబెట్టి, మీరు తప్పు రాస్తే ఏమనేవారో. అబ్బాయికి తెలియని మావయ్య అందులో కనపడతాడు, మీకెందుకు అంత కోపం వచ్చిందో మీరు విడిగా చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

దానికి జవాబుగా “ఓకే నాన్నా” అని రెండు ముక్కలు రావొచ్చు. ముందే చెప్తున్నాను. అది చూసి మళ్లీ కుంగిపోకండి. ఆ రెండు ముక్కలు కొట్టే ముందు ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివాడో మీకు కనపడదు.

ఫోన్ చేసినా ఉత్తరం రాసినా తప్పు ఒప్పుకున్నట్టేనా అని అడిగారు. ఒప్పుకోవాల్సింది కొంత ఉంది, అక్కర్లేనిది కొంత ఉంది. పోయిన మనిషికి ఆ మూడక్షరాలు చాలవన్న మీ అభిప్రాయం మీరు వదులుకోనక్కర్లేదు, నాకూ అదే అభిప్రాయం. వెనక్కి తీసుకోవాల్సింది ‘సంస్కారం’ అన్న మాటని, ఆ మాట అన్న చోటుని. అన్నది నలుగురిలో కాబట్టి వెనక్కి తీసుకోవడం కూడా ఏదో ఒక రోజు నలుగురిలోనే జరగాలి, గ్రూపులో ఒక్క లైను, ఆ రోజు బాధలో అబ్బాయిని అనకూడని మాట అన్నాను అని. అయితే ఇద్దరూ మాట్లాడుకున్నాక, రాయనా అని అతన్ని అడిగాకే రాయండి. అడక్కుండా రాస్తే మళ్లీ అందరి కళ్లూ అతని మీదకే వెళ్తాయి. అతన్ని తిరిగి గ్రూపులో చేర్చే పని కూడా మీరు పెట్టుకోవద్దు, వస్తే తనే వస్తాడు.

ఇక ఆఫీసు.

మీ మేనేజర్ అందరి ముందు అలా అనడం బాగాలేదు. మీకు తగిలిన దెబ్బ ఎలాంటిదో ఇప్పుడు ఆలోచిస్తే మీ అబ్బాయిది కూడా బాగా అర్థమవుతుంది. కానీ ఆయన చెప్పిన దాంట్లో కొంత నిజముంది. పార్టీ ఫోనులో ‘తమరి అమూల్యమైన వ్యాపారానికి’ అని మొదలయ్యే పేజీ తెరవడు, అతనికి కావాల్సింది సరుకు ఎప్పుడు బయటికొస్తుందన్నదే.

అలాగే ఆ అమ్మాయి ‘డన్ సర్’ కూడా పనికిరాదు. అది మర్యాద లేక కాదు, అందులో విషయం లేక. ఏది డన్? బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే సరుకు వివరాల పత్రం) ఫైల్ చెయ్యడమా, డ్యూటీ కట్టడమా, అవుట్ ఆఫ్ ఛార్జ్ (సరుకు వదలొచ్చన్న కస్టమ్స్ అనుమతి) రావడమా? ఏ కంటైనర్? మూడు నెలల తర్వాత డెమరేజ్ (ఉచిత గడువు, అంటే ఫ్రీ డేస్, దాటాక కట్టే ఛార్జీ) దగ్గర గొడవొస్తే ఆ నవ్వు బొమ్మ ఎవరికీ అక్కరకు రాదు. కంటైనర్ నంబరు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు, చివరి అంకె మిగతావాటిని లెక్కకట్టి పెట్టింది, ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే పట్టుబడాలని. అంత జాగ్రత్త ఉన్న వ్యాపారంలో ‘డన్’ అంటే ఏమిటి అర్థం? ఇది మీరు మేనేజర్‌కి చెప్పండి, భాష సంగతిగా కాకుండా డబ్బు సంగతిగా. మెసేజ్ కూడా రికార్డే అని చెప్పండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ రికార్డులకి సాక్ష్యంగా చోటుంది, అంతకుముందు చట్టంలోనూ ఉంది.

మీరు చెయ్యగలిగిన మంచి పని ఒకటి కనపడుతోంది. రోజూ వెళ్లే మెసేజ్‌లు ఓ పది రకాలుంటాయేమో, వాటికి మీరే నమూనాలు రాసి ఇవ్వండి. ఇలాగన్నమాట: “నమస్తే సర్. మీ కంటైనర్ ఫలానా నంబరుకి ఈ రోజు మధ్యాహ్నం అవుట్ ఆఫ్ ఛార్జ్ వచ్చింది. డెలివరీ ఆర్డర్ రేపు ఉదయం. ఫ్రీ డేస్ 18వ తారీఖుతో అయిపోతాయి, లారీ ముందే చూసుకోండి.” నాలుగు ముక్కలు, పొట్టిగానే ఉంది, మర్యాద ఉంది, రేపు కోర్టుకెళ్లినా నిలబడుతుంది. డబ్బు, తేదీ, బాధ్యత, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఈమెయిల్ కూడా పెట్టాలని ఒక నియమం అడగండి. మేనేజర్ ఒప్పుకుంటే మీ ముప్పై ఏళ్ల అనుభవం మీరు వెళ్లాక కూడా ఆ ఆఫీసులో పనిచేస్తుంది. ఒప్పుకోకపోతే మీ ఫైళ్ల వరకూ మీరు అలాగే పంపుకోండి, ఎవరూ కాదనరు. పాత పద్ధతే పట్టుకుని రోజూ వాదించడం కూడా మీ చేతిలో ఉన్నదే, కానీ ఏడాదంతా బీపీ పెంచుకుని చివరికి చాదస్తపు మనిషి అన్న పేరుతో వెళ్లిపోతారు. అసలేమీ పట్టించుకోకుండా ఊరుకుంటే పేరు పోదు గానీ, మీ ఉత్తరం చూశాక మీరు అలా ఉండలేరని తెలుసు.

ఆ అమ్మాయి ‘సర్ రేపు రాను’ దగ్గర మాత్రం మీ పట్టింపు న్యాయమే. తెలుగులో గౌరవమంతా క్రియ చివర ఉంటుంది, ‘రాలేనండి, సెలవు కావాలి’ అనడానికి ఎక్కువ పట్టేది ఏడెనిమిది అక్షరాలే. ఆ ఏడెనిమిది అక్షరాలని నేనైతే వదులుకోను. కానీ దాన్ని విడిగా, ఒక్కర్తే ఉన్నప్పుడు చెప్పండి, ఇంట్లో ఆడపిల్లకి చెప్పినట్టు: అమ్మా, నాకు పర్వాలేదు గానీ రేపు ఇంకో ఆఫీసుకి వెళ్తే ఇలా రాస్తే తప్పుగా అనుకుంటారు, అడిగినట్టు రాయి. మొహం ముడుచుకుంటే ఒకసారి చెప్పి వదిలెయ్యండి. చాలావరకు ముడుచుకోరు, వాళ్లకి ఇది చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదంతే.

చివరగా, వచ్చే నెల అక్కగారిని కొన్నాళ్లు మీ ఇంటికి తెచ్చుకుంటున్నామని, ఆవిణ్ణి దింపడానికి అబ్బాయే వస్తాడేమోనని మీ ఆవిడ ఎదురుచూస్తున్నారని రాశారు. ఆ రోజు దాకా ఆగకండి. భర్త పోయిన కబురు దగ్గర మొదలైన గొడవ ఇది, ఆవిడ వచ్చి సామాను దించుకుంటున్నప్పుడు తండ్రీకొడుకులు మొహాలు తిప్పుకుని నిలబడితే తన వల్లే అనుకుంటారు. ఈ ఆదివారం కూర్చుని రాసెయ్యండి, సోమవారం స్పీడ్ పోస్టులో వేస్తే ఆ వారంలోనే హైదరాబాద్ చేరుతుంది. అబ్బాయి ఇంటి అడ్రసు మీ దగ్గర లేకపోతే మీ ఆవిణ్ణి అడగండి, ఆవిడ దగ్గర ఉంటుంది.